కొండతాతకు మూడు హారన్లు

చరూన్ ఇంట్లో గోడకున్న అరలో సరిగ్గా నాలుగు కప్పులు పడతాయి. ఉన్నవి మూడు. మూడూ వాళ్ళావిడవే. ఊళ్ళో ఏటేటా జరిగే పులుసుకూరల పోటీలో వరసగా మూడుసార్లు ఆవిడే గెలిచింది. నాలుగో చోటు ఖాళీ. ఆ ఖాళీని చరూన్ రోజూ పొడిగుడ్డతో తుడుస్తాడు. ఇల్లు మొత్తం మీద ఆయన తుడిచే చోటు అదొక్కటే.

వాళ్ళావిడ పేరు సాయ్‌యుద్. అదొక పువ్వు పేరు, మంచి వాసన వేస్తుంది. మన చెవులకు మాత్రం "సాయుధ" అని వినపడుతుంది. చేతిలో గరిటె ఉండగా ఆవిణ్ణి చూసినవాళ్ళెవరూ మన చెవులను తప్పుపట్టరు.

నాలుగో కప్పు సంపాదించే బాధ్యత చరూన్ ఒక గువ్వ మీద పెట్టాడు. దాని పేరు సియాంగ్‌థోంగ్, అంటే బంగారు గొంతు. గుప్పెడంత పిట్ట. పేరు గొప్పగా పెట్టేశాక ఇక కూయడమెందుకనుకుందో ఏమో, రోజంతా మౌనవ్రతం. తెల్లారగట్ల ఒక్కసారి, చరూన్ ఒక్కడే వింటుండగా, "కూక్ కుర్రుక్ కూక్" అంటుంది. ఆ కూత వింటే ఆయనకు ఒళ్ళంతా పులకరిస్తుంది.

"నువ్వు పని చేశావంటే నమ్మాలి, నీ పిట్ట కూసిందంటే నమ్మాలి. రెండింటికీ సాక్షివి నువ్వే," అంటుంది సాయ్‌యుద్.

అందుకే మంగళవారం పొద్దున కాఫీకొట్టు గోడ మీద కాగితం చూసి చరూన్ గుండె ఎగిరి గంతేసింది. వచ్చే శనివారం త్రాంగ్‌లో గువ్వల కూత పోటీ! మొదటి బహుమతి మూరెడు ఎత్తు కప్పు! ఆ అరలో మిగతా మూడూ దాని నడుము దాకా కూడా రావు!

ఒకటే చిక్కు. చరూన్‌ది ఫత్తలుంగ్. త్రాంగ్ కొండ అవతల ఉంది. కొండ మీద కనుమ, కనుమ మలుపులో కొండతాత గుడి.

ఫత్తలుంగ్ మనుషులు ఒకరికొకరు హారన్ కొట్టుకోరు. అది తిట్టుతో సమానం. ముందు బండివాడు పచ్చదీపం దగ్గర కునుకు తీసినా సరే, పాపం అలిసిపోయాడు కాబోలు అని ఆగుతారు. కొండతాతకు మాత్రం కొట్టాల్సిందే. గుడి ముందు మూడు హారన్లు, అయ్యా, మేం వెళ్తున్నాం, చల్లగా చూడు అని. చరూన్ స్నేహితుడొకడు కొట్టకుండా దాటితే మలుపు తిరిగేలోగా మూడు టైర్లు పంక్చరయ్యాయి. నాలుగోది తాత దయతలచి వదిలేశాడు.

చరూన్ పికప్‌కి పాతికేళ్ళు. తలుపులు, సీట్లు, స్ప్రింగులు అన్నీ మోగుతాయి. మూడు నెలలుగా అందులో మోగని భాగం హారన్ ఒక్కటే.

ఆ మూడు నెలలూ చరూన్ మహా సుఖంగా ఉన్నాడు. ఎందుకంటే అత్తగారు ఫిన్ ఉండేది కూడా కొండ అవతలే. డెబ్బై దాటిన మనిషి. అల్లుడు కనపడగానే ఆవిడ అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఇంకా ఏమీ చెయ్యట్లేదా నాయనా?"

ప్రతి ఆదివారం సాయ్‌యుద్, "హారన్ సంగతి చూడవయ్యా, అమ్మ దగ్గరికి వెళ్ళాలి," అనేది. చరూన్ ఆవిణ్ణి బండి దాకా తీసుకెళ్ళి, స్టీరింగ్ మధ్యలో బొటనవేలితో నొక్కి, ఆ నిశ్శబ్దాన్ని శ్రద్ధగా వినిపించి, గుండె మీద చెయ్యేసుకునేవాడు.

"ఏం చెయ్యను చెప్పు? అత్తయ్యను చూడాలని నాకు మాత్రం ఉండదా? తాత రానివ్వట్లేదు."

ఇప్పుడు కథ అడ్డం తిరిగింది. హారన్ లేకపోతే కప్పు లేదు. హారన్ వస్తే ఆదివారం ఆదివారం అత్తగారున్నారు. చరూన్ రెండు కప్పుల కాఫీ తాగి ఆలోచించాడు. మూడో కప్పు సగంలో ఉండగా బుర్రలో దీపం వెలిగింది.

తనకు మోగి, ఆవిడకు మోగని హారన్ కావాలి!

దొంగ స్విచ్ ఒకటి పెట్టాలి. అది తనకే తెలియాలి. స్టీరింగ్ మీద నొక్కితే ఎప్పటిలాగే మౌనం. తానొక్కడే బండెక్కినప్పుడు మాత్రం చాటుగా స్విచ్ వెయ్యడం, తాతకు మూడు హారన్లు కొట్టడం, దర్జాగా కొండ దిగడం. తన తెలివికి తనకే ముచ్చటేసి, మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"హారన్ మార్చేస్తున్నా," అన్నాడు ఇంటికొచ్చి.

సాయ్‌యుద్ కూరలోకి సతో గింజలు, అంటే ఘాటు వాసన వేసే అక్కడి చిక్కుళ్ళు, ఒలుస్తోంది. చెయ్యి ఆగింది. "ఏంటీ? ఇప్పుడా? ఎందుకూ?"

"ఎందుకేంటి? మీ అమ్మ కోసం."

"మా అమ్మ కోసమే! అయితే అన్నయ్యకు చూపించు. రెండు నిమిషాల్లో చేసేస్తాడు."

సాయ్‌యుద్ అన్నయ్యను ఊరంతా ఫీబావ్ అంటారు. అక్కడి మాటలో పెద్దన్న అని. చరూన్‌కి మాత్రం అక్షరాలా బావే. బళ్ళ మెకానిక్కు. అయినవాళ్ళ దగ్గర ఫీజు తీసుకోడు, అసలు చిక్కంతా అదే. పదకొండేళ్ళ కిందట వీళ్ళ నీళ్ళ మోటారు బాగుచేశాడు. ఆనాటినుంచి ఈ ఇంట్లో ఎప్పుడు గ్లాసు ఎత్తినా, "ఆహా, నీళ్ళు!" అని చరూన్ వైపు చూసి ఆగుతాడు.

"మీ అన్నయ్య అక్కర్లేదు. ఒక హారన్, రెండు వైర్లు. ఈ మాత్రం చేతకాదా నాకు?"

"పోయినసారి ఇలాగే అన్నావు. ఫ్యాను బాగుచేస్తే వెనక్కి తిరిగింది."

"గాలి వచ్చిందా లేదా?"

"గోడకి వచ్చింది."

గురువారం పొద్దున చరూన్ పాత హారన్ పీకి పట్టుకుని పాతసామాన్ల కొట్టుకి వెళ్ళాడు. కొట్టాయన అడిగాడు, "ఒక పిన్నుదా, రెండు పిన్నులదా?"

"తేడా ఏంటి?"

"రెండు పిన్నులదైతే ఒక వైరు కరెంటు తెస్తుంది, రెండోది స్టీరింగ్ బటన్‌కి పోతుంది. బటన్ నొక్కినప్పుడే మోగుతుంది. ఒక పిన్నుదానికి రెండో వైరుండదు. బండి ఇనుమే దానికి రెండో వైరు. కరెంటు తగిలిందంటే చాలు, మోగుడే. మీ బండిలో ఏ పద్ధతి?"

"మా బండికి పద్ధతీ పాడూ ఏమీ లేవు. ఏది గట్టిగా అరుస్తుంది?"

"ఒక పిన్నుదే. నత్తలా ఉంటుంది చూడండి. కాని అయ్యా, మీరు తెచ్చిన పాతదానికి రెండు..."

"ఒక పిన్నుదే ఇవ్వు. వైరు తగ్గితే పనీ తగ్గుతుంది."

పాతది కొట్టులోనే పారేసి, నత్తను ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఆయన ముఖం చూసి దారిలో ఇద్దరు, బిడ్డ పుట్టిందా అని అడిగారు.

ఇక బిగించే పని. ఆ పికప్ బానెట్ ఒక్కరి వల్ల తెరుచుకోదు. ఒకరు లోపల కూచుని స్టీరింగ్ కింద తీగ లాగి పట్టుకోవాలి. సరిగ్గా అదే క్షణంలో ఇంకొకరు బయట మూత ఎత్తాలి. ఇరవై రెండేళ్ళ కాపురంలో మొగుడూ పెళ్ళాం ఒకేసారి చెయ్యాల్సి వచ్చిన పని అదొక్కటే. అందుకే అది ఎప్పుడూ మొదటిసారికి అయ్యేది కాదు.

"లాగు!"

"లాగా!"

"నేను ఎత్తకముందే లాగితే ఎలా? నేనన్నప్పుడు లాగు!"

"అన్నావుగా!"

"అనబోతున్నానని చెప్పడానికి అన్నాను!"

నాలుగోసారికి మూత లేచింది. చరూన్ నత్తను బిగించి, పాత వైరు తగిలించి, స్టీరింగ్ నొక్కాడు. నిశ్శబ్దం. మళ్ళీ నొక్కాడు. పంజరంలో సియాంగ్‌థోంగ్ కూడా అంత నిశ్శబ్దంగా ఉండదు.

బల్బుకు రెండు వైర్లు కట్టి కరెంటు వస్తోందో లేదో చూశాడు. బల్బు వెలగలేదు. అసలు ఆ వైరులోకి కరెంటే రావడం లేదు.

సాయ్‌యుద్ చేతులు కట్టుకుని గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. "ఫ్యూజులు చూశావా?" అంది, వంటలో ఉప్పు వేశావా అన్నంత మామూలుగా.

"చూడకపోతానా!" అని చరూన్ అప్పుడు వెళ్ళి చూశాడు. ఫ్యూజుల పెట్టెలో నాలుగు గదులు ఖాళీ. పాతబండికి పళ్ళూడటం మామూలే అనుకుని మూత పెట్టేశాడు. "అన్నీ భేషుగ్గా ఉన్నాయి."

సాయ్‌యుద్‌కి ఎందుకో దగ్గు వచ్చింది. దగ్గుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చరూన్ మనసులో మాత్రం పండగ. స్టీరింగ్ దానంతటదే మూగబోయి ఉంది, ఆవిడ కళ్ళతో చూసింది కూడా. ఇక తన దొంగ వైరు వేసుకుంటే సరి. వెనక్కి తిరిగే ఫ్యాను తాలూకు జంట వైరు కోసుకొచ్చాడు. పక్కపక్కనే అతుక్కుని పోయే రెండు సన్నటి వైర్లు. ఒకదాని కొస బ్యాటరీకి, రెండోదాని కొస నత్తకి. జంటను ఇంజను మీదుగా, ఇంజనుకీ సీట్లకీ మధ్య రేకుకున్న కంత లోంచి లోపలికి లాగి, పడకగదిలోంచి ఊడదీసుకొచ్చిన దీపం స్విచ్‌కి సీటు కింద కట్టాడు. దాని పైన చినిగిన గుడ్డ కప్పాడు.

ఇప్పుడు చప్పుడు రాకుండా పరీక్షించడం ఎలా? మంచం మీంచి దిండు తెచ్చి నత్త నోటికి అదిమి తాడేసి కట్టాడు. స్విచ్ వేశాడు.

"బూఁఁఁఁఁ!"

స్విచ్ తీశాడు. ఆగింది! చరూన్ పెరట్లో ఒక్క గంతు వేశాడు. స్విచ్ వేస్తే మోత, తీస్తే ఆపు. స్టీరింగ్‌తో పనే లేదు!

"ఏమయ్యా, ఏంటా అరుపు?" వంటింట్లోంచి వినపడింది.

"పక్కింటి గేదె!"

"వాళ్ళు గేదెను పోయినేడే అమ్మేశారుగా?"

చరూన్ ఒక్క క్షణం ఆలోచించాడు. "తిరిగొచ్చినట్టుంది పాపం!"

బానెట్ వేసేసి, దిండు తీసుకెళ్ళి మంచం మీద పెట్టాడు. మధ్యాహ్నం సాయ్‌యుద్ దుప్పటి సర్దుతుంటే దిండు మీద నల్లగా, నత్త ఆకారంలో మచ్చ కనపడింది. ఆవిడ దిండును చూసింది, కిటికీలోంచి మొగుణ్ణి చూసింది, దిండు తిరగేసి పెట్టేసింది. అంతే, ఒక్క మాట అనలేదు. భార్య ఒక్క మాట అనకపోతే ఏ మొగుడైనా భయపడాలి. చరూన్ సంబరంలో ఉండి ఆ సంగతి మర్చిపోయాడు.

శుక్రవారం ఆవిణ్ణి మళ్ళీ బండి దాకా పిలిచి, స్టీరింగ్ నొక్కి చూపించి, గుండె మీద చెయ్యేసుకున్నాడు. "కొత్తది కూడా పలకలేదు. మన రాత."

"అయ్యో. అయితే ఈ ఆదివారం కూడా అమ్మ దగ్గరికి లేదన్నమాట."

"తాతకు కోపం తెప్పించమంటావా?"

"వద్దు వద్దు. మరి రేపు పిట్టను తీసుకుని ఎక్కడికో వెళ్తానన్నావు?"

"గొంతు చూపించడానికి. ఇక్కడే, కొండకి ఇవతలే. ఒకాయన గువ్వలకు గొంతులో తేనె వేస్తాడట."

"జాగ్రత్తగా వెళ్ళిరా. నీకూ కాస్త వేయించుకో," అంది సాయ్‌యుద్. "నేను కూడా పొద్దున్నే సంతకి పోతున్నా."

శనివారం ఆవిడ బుట్ట పట్టుకుని వీధి మలుపు తిరిగిందో లేదో, చరూన్ పంజరం పక్కసీట్లో పెట్టి, బెల్టు కట్టి, బండి లేవదీశాడు. ఎంత హుషారుగా ఉన్నాడంటే దారి పొడుగునా పిట్టతో మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఈపూట తెల్లారగట్ల కూయలేదేంరా? దాచుకున్నావా? అదీ తెలివంటే! మొత్తం అక్కడే వదులు. న్యాయనిర్ణేతలు కాగితాలు పారేసి దణ్ణం పెట్టాలి. కప్పు కుడివైపు పెడదామా, మధ్యలోనా? సాయ్‌యుద్ కప్పులు మూడూ పక్కకు జరపాలి కదా, ఎలాగూ!"

సియాంగ్‌థోంగ్ ఒక కన్నుతో చూసి, ఇంకో కన్ను మూసుకుంది.

కనుమ ఎక్కేసరికి ఇంజను పొయ్యిలా కాలిపోతోంది. మలుపులో తాత గుడి వచ్చింది, ముందు వరసగా సున్నపు కోడిపుంజులు, ఎర్ర సోడా సీసాలు. చరూన్ బండి నెమ్మది చేసి, సీటు కిందికి చెయ్యి పోనిచ్చాడు.

ప్యాం! కొండలు బదులు పలికాయి. ఆహా, ఏం గొంతు!

ప్యాం! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ప్యాఁఁఁఁఁఁఁ...

మూడోది ఆగలేదు. స్విచ్ తీశాడు. ఆగలేదు. వేసి తీశాడు, తీసి వేశాడు, కింద పిడికిలితో కొట్టాడు. కాలిన వాసన వచ్చింది. కోపం వచ్చి స్విచ్‌ని పట్టుకుని ఒక్క పీకు పీకాడు. స్విచ్ చేతిలోకి వచ్చేసింది. ఇప్పుడు బండిలో స్విచ్చే లేదు, హారన్ మాత్రం మోగుతూనే ఉంది.

ఇంజను వేడికి జంట వైరు మీది తొడుగు కరిగి, లోపలి రాగి రెండూ ఒకదాన్నొకటి కావలించుకున్నాయి. స్విచ్ ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే. మధ్యలో ఫ్యూజయినా ఉంటే అది కాలిపోయి మోత ఆగేది. చరూన్ ఫ్యూజు పెట్టలేదు. విడదీయాలంటే బానెట్ తెరవాలి. బానెట్ తెరవడానికి ఇద్దరు కావాలి.

బండి ఆపి తీగ లాగాడు, మూత దగ్గరికి పరిగెత్తాడు. అప్పటికి తీగ వెనక్కి పోయింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ పరిగెత్తాడు. కాలితో తీగ లాగుతూ చేత్తో మూత ఎత్తగలనేమోనని తలుపులోంచి వేలాడి చూశాడు. నడుము పట్టేసింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, పక్కన సాయ్‌యుద్ ఉంటే బాగుండునని ఆయనకు మనస్ఫూర్తిగా అనిపించింది.

వెనక వస్తున్న బళ్ళవాళ్ళు ఆగి చూశారు. ఎవరీ మహాభక్తుడు, తాతకు ఇంతసేపు మొక్కుతున్నాడని ఒకావిడ చేతులు జోడించింది. ఒక లారీ అతను తాను కొట్టిన మూడు మరీ తక్కువైపోయాయేమోనని ఇంకో ఆరు కొట్టి వెళ్ళాడు. చరూన్ "సాయం! సాయం!" అని అరిచాడు గానీ నత్త గొంతు ముందు ఆయన గొంతు ఎవరికి వినపడుతుంది? దణ్ణం పెడుతున్నాడనుకుని అందరూ తిరిగి దణ్ణాలు పెట్టారు.

ఇక చేసేదేముంది? దిగువన మనుషులుంటారు, ఎవరో ఒకరు తీగ లాగకపోరు. చరూన్ బండెక్కి కొండ దిగాడు. కిందకు పోయేకొద్దీ దారి దానంతటదే ఖాళీ అయింది. అంబులెన్సుకు కూడా అంత దారి ఇవ్వరు. మామూలుగా గంట పట్టే దూరం ఇరవై నిమిషాల్లో వచ్చేశాడు.

పోటీ జరిగే పచ్చికబయలు రోడ్డు పక్కనే. వందకు పైగా పొడుగాటి కర్రలు, కర్రకో పంజరం. కింద న్యాయనిర్ణేతలు కాగితాలు పట్టుకుని పిల్లుల్లా నడుస్తున్నారు. మైకులో ఒకాయన గుసగుసగా చెబుతున్నాడు. "ప్రేక్షకులకు మనవి. గువ్వలు కూస్తున్నాయి. దగ్గు వచ్చినవారు దయచేసి రోడ్డు దాటి అవతల దగ్గి రావలెను."

మైదానం అంచున కొబ్బరాకుల పందిరి కింద బియ్యపు సేమ్యా అమ్ముతున్న ముసలావిడ చెవి రిక్కించింది. ఆవిడ పక్కన గరిటె పట్టుకున్న ఆవిడ తలెత్తకుండానే అంది, "అమ్మా, ఇంకో ప్లేటు వడ్డించు. మా ఆయనొస్తున్నాడు."

ప్యాఁఁఁఁఁఁ...

వంద గువ్వలు ఒక్కసారి నోరు మూసుకున్నాయి. కొన్ని తలలు రెక్కల్లో పెట్టుకున్నాయి. న్యాయనిర్ణేతల్లో పెద్దాయన చేతిలోంచి కాగితాలు జారిపోయాయి. మైకు ఆయన గుసగుస మర్చిపోయి, "ఎవడ్రా వాడు!" అన్నాడు. అది త్రాంగ్ ఊరంతా వినపడింది.

చరూన్ బండి ఆపి దిగాడు. చేతిలో ఊడిన స్విచ్. "ఎవరైనా... లోపల తీగ..." అంటూ తలెత్తేసరికి జనాన్ని చీల్చుకుంటూ గరిటెతో సాయ్‌యుద్ వస్తోంది. వెనకే కటింగ్ ప్లేయరు పట్టుకుని ఫీబావ్. చరూన్‌కి కొండతాత స్వయంగా దిగివచ్చినా అంత దడ పుట్టేది కాదు.

సాయ్‌యుద్ నేరుగా బండి దగ్గరికి పోయింది. బండెక్కి కూచుని తీగ మీద చెయ్యేసింది. చరూన్ మూత దగ్గర నిలబడ్డాడు. ఎవరూ "లాగు" అనలేదు, ఎవరూ "లాగా" అనలేదు. తీగ లాగడం, మూత లేవడం ఒక్కసారే జరిగాయి. ఫీబావ్ వంగి వైరు తెంపాడు.

ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం హారన్ కంటే భయంకరంగా ఉంది. పెద్ద న్యాయనిర్ణేత దగ్గరికొచ్చాడు.

"పేరు?"

"సియాంగ్‌థోంగ్ అండీ."

"పిట్టది కాదు. మీది."

మధ్యాహ్నం దాకా ఆ మైదానంలో ఒక్క గువ్వ నోరు విప్పలేదు. పోటీ వచ్చే నెలకు వాయిదా వేసి, కప్పును మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశారు. చరూన్ పందిరి కింద తలొంచుకుని కూచున్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. అత్తగారు ఫిన్ సేమ్యా ప్లేటు ఆయన ముందు పెట్టి, ముఖంలోకి చూసింది. ఎప్పటి ప్రశ్న వస్తుందని చరూన్ కళ్ళు మూసుకున్నాడు.

"ఈసారి చాలానే చేశావు నాయనా," అంది ఆవిడ.

ఫీబావ్ నత్తను తిప్పి చూశాడు. "బావా, నీ పాత హారన్‌కి ఏమైందని మార్చావు?"

"చచ్చిపోయింది."

సాయ్‌యుద్ నడుముకున్న సంచీ విప్పి, చిటికెనవేలి గోరంత ఎర్రటి వస్తువు తీసి బల్ల మీద పెట్టింది. ఫ్యూజు. హారన్‌ది.

"చావలేదు. మూడు నెలలుగా దాని ప్రాణం నా సంచీలో ఉంది."

చరూన్ నోట్లో సేమ్యా నోట్లోనే ఉండిపోయింది.

"శనివారం శనివారం మన రబ్బరు షీట్ల ధర కనుక్కొస్తానని చెప్పి, కొండ దాటి గువ్వల దగ్గర కూచుంటున్నావని తెలిసింది. ఒళ్ళు మండి పీకాను. రెండు రోజుల్లో పెట్టేద్దామనుకున్నా. ఈలోగా, హారన్ చూడవయ్యా అమ్మ దగ్గరికెళ్ళాలి అంటే నువ్వు గుండె మీద చెయ్యేసుకున్నావు. ఎన్నాళ్ళు వేసుకుంటావో చూద్దామనిపించింది. పన్నెండు ఆదివారాలు వేసుకున్నావు. అదే పిట్ట కోసమైతే మూడు రోజుల్లో హారన్ వచ్చేసింది! కాఫీకొట్టు గోడ మీది కాగితం నేనూ చూశాను, అందుకే పొద్దున అన్నయ్య బండిలో నీకంటే ముందే వచ్చి కూచున్నా!"

"మరి... ఇన్నాళ్ళూ నువ్వు అత్తయ్యను చూడకుండా..."

"చూడకపోవడమేంటి? బుధవారం బుధవారం అన్నయ్య బండిలో వస్తూనే ఉన్నా. ఒక్క బుధవారమైనా నేనింట్లో లేనని గమనించావా? నీ కళ్ళెప్పుడూ పంజరంలోనే ఉంటాయి!"

ఆ చివరి మాట అనేటప్పుడు ఆవిడ గొంతు కాస్త వణికింది. చరూన్‌కి అది హారన్ కంటే గట్టిగా వినపడింది. చెయ్యి అలవాటుగా గుండె దాకా వెళ్ళి, అక్కడ పెట్టడానికి సిగ్గేసి, కిందికి దిగిపోయింది.

"ఆహా, నీళ్ళు!" అన్నాడు ఫీబావ్ గ్లాసు ఎత్తి.

సాయంత్రం తిరుగు ప్రయాణం. ముందు సీట్లో సాయ్‌యుద్, మధ్యలో అత్తగారు, ఆవిడ ఒళ్ళో పంజరం. వెనక ట్రాలీలో అత్తగారి రెండు పెట్టెలు. "నెల్లాళ్ళుంటుంది," అని సాయ్‌యుద్ చెప్పింది. అడగలేదు, చెప్పింది.

"ఆ ఫ్యూజు పెట్టేస్తే తాత దగ్గర కొట్టచ్చుగా?" అన్నాడు చరూన్ నెమ్మదిగా.

"అన్నయ్య చెప్పాడు. ఒక పిన్ను నత్తకు అది పెడితే మళ్ళీ ఇంటిదాకా మోతేనట. రెండు పిన్నులది కావాలట. పాతదేదీ?"

"కొట్టులో పారేశాను."

గుడి మలుపు వచ్చింది. "ఆపు," అంది సాయ్‌యుద్. "దిగు. పొద్దున తాత చెవులు చిల్లులు పడేలా చేశావు. క్షమించమని చెప్పి, మర్యాదగా మూడు కొట్టు."

"దేంతో?"

"నోరుంది కదా."

చరూన్ దిగాడు. సున్నపు కోడిపుంజుల ముందు నిలబడి చేతులు జోడించాడు. "ప్యాం," అన్నాడు.

"వినపడలా," అంది అత్తగారు.

"ప్యాం!"

వెనక ఆగిన బళ్ళలోంచి నవ్వులు వినపడ్డాయి. చరూన్ కళ్ళు గట్టిగా మూసుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి, "ప్యాఁఁం!" అన్నాడు. దాన్ని సరిగ్గా, సమయానికి ఆపాడు.

"కూక్ కుర్రుక్ కూక్."

అందరూ ఉలిక్కిపడ్డారు. అత్తగారి ఒళ్ళో సియాంగ్‌థోంగ్ మెడ నిక్కించి, రొమ్ము విరుచుకుని, మళ్ళీ కూసింది. మళ్ళీ, మళ్ళీ. కనుమంతా తేనె పోసినట్టయింది. నవ్వేవాళ్ళు నవ్వు ఆపేశారు. చరూన్ రోడ్డు మధ్యలో చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

"విన్నారా? విన్నారా! కూస్తుందని చెప్పలా! సాక్షులు! ఇద్దరు సాక్షులు!"

"బాగుందయ్యా," అంది సాయ్‌యుద్. మొహం పక్కకు తిప్పుకుందిగానీ నవ్వుతోందని చరూన్‌కి తెలుసు. "నిజంగా బాగా కూస్తోంది."

ఆ రోజునుంచి ఆ పిట్టకు అదే అలవాటైంది. చరూన్ ఎదురుగా నిలబడి మూడుసార్లు ప్యాం అంటే తప్ప కూయదు. వచ్చే నెల పోటీలో న్యాయనిర్ణేతల ముందు ఇదెలా కుదురుతుందో ఆయనకింకా తోచలేదు. రెండు పిన్నుల హారన్ ఫీబావ్ తెచ్చి రెండు నిమిషాల్లో బిగించాడు. బానెట్ మూసేటప్పుడు "ఆహా, హారన్!" అన్నాడు. అత్తగారు తిరిగెళ్ళాక ఆదివారాలు ఆవిడ ఇంటికి, మధ్యలో తాతకు మూడు అని సాయ్‌యుద్ ఇప్పుడే తేల్చేసింది.

మూడు నెలలు తన సంచీలో దాచిన ఆ ఎర్ర ఫ్యూజును మాత్రం సాయ్‌యుద్ వాడనివ్వలేదు. బండికి వేరేది పెట్టించి, దీన్ని తెచ్చి అరలో నాలుగో చోట పెట్టింది. చరూన్ ఇప్పుడు దాన్నే రోజూ తుడుస్తున్నాడు.

ఒక పొద్దున తుడుస్తుంటే వంటింట్లోంచి కేక. "ఏమయ్యా, పిట్టకు హారన్ కొట్టావా? అమ్మ కూత వినాలంటోంది!"

వాకిట్లో ఇరుగుపొరుగువాళ్ళు నలుగురున్నారు. చరూన్‌కి మొహమాటం వేసింది. చేతిలోని ఎర్ర ముక్కను చూపించి, "హారన్ మోగదు ఈపూట. ఫ్యూజు పీకేసి ఉంది!" అన్నాడు.

గరిటె చేత్తో సాయ్‌యుద్ గుమ్మంలోకి వచ్చింది. "అది బండి హారన్‌ది. ఈ హారన్‌కి ఫ్యూజు నేనే. ఊఁ, కానియ్."

"ప్యాం," అన్నాడు చరూన్.